సవరణ: పాత రోలెక్స్ సబ్‌మెరైనర్ వాచీ ధర గురించి

మొన్నటి పోస్టులో "రోలెక్స్ సబ్‌మెరైనర్ ఎంత పాతదైతే సెకండ్ హ్యాండ్‌లో అంత ఎక్కువ రేటు పలుకుతుంది" అని రాశాను. అది తప్పు. 5513 లాంటి ఒకట్రెండు పాత మోడళ్ల రేట్లు చూసి అన్నిటికీ అంటగట్టేశాను.

వేలం ఫలితాలు, డీలర్ల దగ్గరున్న ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే తేలింది వేరు. 1980ల చివరి నుంచి 2010 దాకా వచ్చిన 16610 మోడల్ మామూలుగా 2020లో వచ్చిన 126610 మోడల్ కంటే తక్కువకే దొరుకుతుంది. కొత్తదానికి సిరామిక్ బెజెల్ (గాజు చుట్టూ ఉండే రింగు), 41 మి.మీ. కేసు (వాచీ బాడీ), ఒకసారి కీ ఇస్తే 70 గంటలు నడిచే మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) ఉన్నాయి. పాతదానికి అల్యూమినియం బెజెల్, పల్చటి క్లాస్ప్ (చైన్ కొక్కెం). (చేతికి మాత్రం పాతదే హాయిగా ఉంటుందని నా అభిప్రాయం, అది వేరే సంగతి.)

వయసుకు రేటు వచ్చేది భాగాలన్నీ ఒరిజినల్‌గా మిగిలినప్పుడే. డయల్‌పై 6 అంకె స్థానం కింద అంచున సన్నగా "స్విస్ – టి<25" అని ఉంటే అది ట్రిటియం డయల్, అంటే గంటల గుర్తుల చుక్కలకు చీకట్లో మెరిసే ట్రిటియం పూత ఉన్నది. ఆ చుక్కలు మీగడ రంగుకు తిరిగుంటే కలెక్టర్లు ఎగబడతారు. సర్వీసులో డయల్ మార్చేసినా, పాలిష్ పట్టి కేసు అంచులు అరగదీసినా అదే వాచీ రేటు బాగా పడిపోతుంది.

నా పాత పోస్టు చూసి 16610 బేరమాడుతున్నవాళ్లుంటే, అమ్మేవాడు "పాతది కదా" అని అదనంగా అడిగితే ఇవ్వకండి.