కన్నీటి చుక్క వేస్తే బాధ వచ్చేసినట్టేనా?

ఈమధ్య మా కోనసీమలో డ్రాయింగ్ పోటీ ఎక్కడ పెట్టినా గోడ నిండా ఒకటే వరస. ఆయిల్ పేస్టల్‌తో ఓ ముసలావిడ మొహం, చెంప మీద కన్నీటి చుక్క, ఆ చుక్కలో తెల్లటి మెరుపు. "అబ్బ, ఫొటోలా ఉందండీ!" అంటారు అందరూ. ఫస్టు ప్రైజు దానికే. నాకు ఒళ్లు మండిపోతుంది, ఎవరేమనుకున్నా సరే.

ఫొటో కావాలంటే జేబులో ఫోను ఉందిగా. ఆయిల్ పేస్టల్ అంటే మొద్దు రంగుపుల్ల. మామూలు డ్రాయింగ్ షీటు మీద మొహం గీస్తే కంటికి దొరికే చోటు గోరంత. అక్కడ ఈ పుల్లతో రెప్పవెంట్రుకలు వేయబోతే మిగిలేది బురదే. దీని బలం వేరు. నొక్కినకొద్దీ రంగు దిగుతుంది, తేలిగ్గా ఆనిస్తే కాగితం గరుకు మధ్య తెలుపు కనపడుతూనే ఉంటుంది. గీసేవాడి చెయ్యి ఎక్కడ తటపటాయించిందో, ఎక్కడ కసిగా నొక్కిందో మొత్తం తెలిసిపోతుంది. భావమంతా అందులోనే ఉంది. మనవాళ్లేమో ప్రతి గీతనూ వేలితో రుద్ది రుద్ది ఫ్లెక్సీలో పెళ్లికొడుకు మొహంలా నున్నగా చేసి పెడతారు.

నరసాపురంలో లేసు అల్లే మామ్మగారు ఒకావిణ్ణి కూచోబెట్టి గీశాను. ఆవిడేం ఏడవట్లేదు. కింది పెదవి లోపలికి మడిచి, మెడ ముందుకు వంచి, దారం వంక చూస్తోంది, అంతే. నేను కన్ను గీయనే లేదు. కనుబొమ కింద గుంటలో ముదురు ఊదా, దాని మీద పలచగా ఆకుపచ్చ, అంచున మట్టి పసుపు. మూడింటినీ కలిపి రుద్దకుండా వదిలేశాను. జుట్టుకి ముందు తెలుపు దట్టంగా పట్టించి, పైన నలుపు వేసి, పిన్నీసుతో గీరాను. అలా బయటపడే తెల్లవెంట్రుక పైపైన తెలుపు పూస్తే రాదు. దూరం నుంచి చూస్తే ఆవిడ కళ్లు చికిలించినట్టే ఉంటుంది. "ఇంత నల్లగా ఉన్నానేంట్రా" అంది మామ్మగారు, అది వేరే సంగతి.

నలుపంటే గుర్తొచ్చింది. డబ్బాలో లేత గులాబీ పుల్ల ఒకటుంటుంది. మొహం అనగానే పిల్లలు దాన్నే తీస్తారు, నేర్పేవాళ్లూ అదే తీయమంటారు. మే నెలలో చేపల చెరువు గట్టు మీద నిలబడ్డ మనిషి ఆ రంగులో ఉంటాడా ఎక్కడైనా? ఇటుక రంగు, ముదురు గోధుమ, ఎండ తగిలే నుదుటి మీద నారింజ, గడ్డం కింద నీలం. మనిషి అలసట ఆ నీలంలోనే తెలుస్తుంది.

నవ్వుకీ ఇదే జబ్బు. పళ్లన్నీ వరసగా గీసి నవ్వంటారు. మనస్ఫూర్తిగా నవ్వితే కంటి చుట్టూ కండరం కూడా ముడుచుకుంటుందని దుషెన్ అనే ఫ్రెంచి డాక్టరు 1862లోనే రాశాడు. కింది రెప్ప కాస్త ఉబ్బించండి, నోరు మూసి ఉన్నా మనిషి నవ్వుతాడు.

"పిల్లల రంగులతో ఇంత రాద్ధాంతమా" అనేవాళ్లూ ఉన్నారు. 1925లో జపాన్‌లో సకురా కంపెనీ తెచ్చినప్పుడు అవి పిల్లలకోసమే, నిజమే. (మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు ఇరవై ఏడేళ్లకే పోయిందీ ఆ ఏడాదే. ఈ పుల్ల ఆయన చేతిలో పడి ఉంటే ఎలా ఉండేదో!) కానీ 1949లో పారిస్‌లో సెనెలియే అనే రంగుల కంపెనీ వాళ్లు వీటిని తయారుచేసింది పికాసో కోసం. ఇంకేం కావాలి?

పోటీలు పెట్టేవాళ్లకు ఒక్క మాట. ఈ రంగు ఎన్నాళ్లకీ పూర్తిగా ఆరదు, మన ఉక్కకి మరీ మెత్తబడుతుంది. ప్రైజులు ఇచ్చేశాక బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి బీరువాలో పడేస్తారు, ఒకరి మొహం ఇంకొకరి వీపుకి అంటుకుపోతుంది. మధ్యలో తలా ఒక బటర్ పేపరన్నా పెట్టండయ్యా బాబూ.