సవరణ: 121 ఓటములు ‘చరిత్రలోనే అత్యధికం’ కాదు

2024 బేస్‌బాల్ సీజన్ మీద మొన్న రాసిన పోస్టులో, షికాగో వైట్ సాక్స్ ఓడిన 121 మ్యాచ్‌లు మేజర్ లీగ్ (అమెరికాలో అగ్రస్థాయి బేస్‌బాల్ పోటీ) చరిత్రలోనే అత్యధికమని రాశాను. అది తప్పు. 1900 తర్వాతి లెక్కలోనే అది రికార్డు. 1962లో న్యూయార్క్ మెట్స్ ఓడిన 120ని దాటింది, అంతే. 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ ఏకంగా 134 ఓడింది. గెలిచినవి 20.

స్పైడర్స్ యజమానులకే సెయింట్ లూయిస్ జట్టు కూడా ఉండేది. సై యంగ్‌తో సహా మంచి ఆటగాళ్లను అక్కడికి తరలించేశారు. మిగిలినవాళ్ల ఆట చూడ్డానికి జనం రాక, ఎక్కువ మ్యాచ్‌లు బయటి ఊళ్లలోనే ఆడాల్సి వచ్చింది. సీజన్ అయ్యాక అసలు జట్టే లేకుండా పోయింది. వాళ్లను మర్చిపోయి రాసినందుకు నిజంగా బాధగా ఉంది.

ఇంకోటి. వైట్ సాక్స్ చివర్లో చేతులెత్తేసిందన్నాను. అదీ సరికాదు. 120 ఓటములతో సొంత మైదానానికి వచ్చి ఏంజెల్స్‌ను వరుసగా మూడుసార్లు ఓడించింది. మొదటి మ్యాచ్‌లో 0-2తో వెనకబడి, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్ మ్యాచ్‌కు మామూలుగా తొమ్మిది ఉంటాయి) మూడు పరుగులు తీసి గెలిచింది. ఆ 121వ ఓటమి సెప్టెంబర్ 27న డెట్రాయిట్‌లో ఎదురైంది. అదే రాత్రి డెట్రాయిట్ జట్టు టైగర్స్ పదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కు చేరింది. పాత పోస్టులో రెండు వాక్యాలూ మార్చాను.