రంగు మాత్రం గ్యారంటీ

యూరప్‌లో దేశాలు దాటే బస్సుల్లో సేవ ఒక తీరుగా ఉండదని కొందరు గొణుగుతున్నారు. కృతజ్ఞత లేని మనుషులు. లాటరీ టికెట్టుకి విడిగా డబ్బు పెట్టాలి, ఇక్కడ బస్సు టికెట్టులోనే కలిపి ఇస్తున్నారు.

వెళ్ళేటప్పుడు కాళ్ళు చాపుకునేంత చోటు, పనిచేసే ప్లగ్గు, పలకరించే డ్రైవరు. వచ్చేటప్పుడు కూడా అదే పేరు, అదే రంగు, అదే ధర. కాకపోతే సీటు వాలితే మళ్ళీ లేవదు, వైఫై పేరు కనిపిస్తుంది గానీ వైఫై రాదు, టాయిలెట్‌కి తాళం. తాళంచెవి అడిగితే, డ్రైవరు తన ఇంటి బీరువాది అడిగినట్టు చూశాడు.

ఇందులో మాయేమీ లేదు. యూరప్‌లో చాలా దారుల్లో టికెట్టు అమ్మేది ఒకరు, బస్సూ డ్రైవరూ వేరే చిన్న ఆపరేటరువి. బస్సు మీద ఎవరి పేరుందో వాళ్ళు ఇచ్చేది యాప్, పెయింటు. ఆ పెయింటులో ఇంతవరకూ ఎక్కడా తేడా రాలేదు, ఒప్పుకోవాలి.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2013 మార్చి నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం, 250 కిలోమీటర్లు, ఆపైన నడిచే సర్వీసులో మూడు గంటలు మించిన ప్రయాణమైతే, బస్సు టెర్మినల్ నుంచి 90 నిమిషాలకన్నా ఆలస్యంగా బయల్దేరినప్పుడు తినడానికో తాగడానికో ఏదైనా ఇవ్వాలి, అదీ వీలున్నంతలో. ఎంత దయ! ఇప్పుడు ఒక్కో మాటా మళ్ళీ చదవండి. టెర్మినల్ అంటే సిబ్బంది ఉండే చోటు. ఫ్లైఓవర్ కింద స్తంభానికి కట్టిన బోర్డు టెర్మినల్ కాదు కాబట్టి అక్కడ ఎవరికీ ఆకలి వేయకూడదు. పైగా లెక్కలోకి వచ్చేది బయల్దేరే ఆలస్యమే. టైముకి కదిలి నాలుగు గంటలు లేటుగా చేరితే దానికి పరిహారం లేదు. దాన్ని ప్రయాణం అంటారు.

నాలుగున్నర గంటలు నడిపాక డ్రైవరు 45 నిమిషాలు ఆగాలన్న రూలు మీద మాత్రం వెటకారం చేయను. ఆయన నిద్ర నా నిద్రకన్నా ముఖ్యం. ఆగే చోటు మాత్రం మళ్ళీ లాటరీయే. ఒకసారి వెచ్చటి హాలు, ఇంకోసారి మూసేసిన పెట్రోలు బంకు.

దిగీ దిగకముందే యాప్ అడిగింది, ప్రయాణం ఎలా ఉందని. అది ఎవరి బస్సో రాయడానికి అందులో గడి లేదు. రంగు బాగుందని రాసి అయిదు చుక్కలూ ఇచ్చేశాను.