కొండ దిగే బటన్‌కు ఇంత ధర ఎందుకు?

ఎస్‌యూవీ కొనడానికి వచ్చిన వారిని పై వేరియంట్‌కు ఒప్పించేందుకు షోరూములలో సన్‌రూఫ్‌తో పాటు వాడుతున్న అస్త్రాలలో ఒకటి హిల్ డిసెంట్ కంట్రోల్, అంటే ఏటవాలు దిగేటప్పుడు తానే బ్రేకు వేస్తూ బండి వేగాన్ని అదుపులో ఉంచే సదుపాయం. "సార్, ఇది నొక్కితే చాలు, తిరుమల ఘాట్‌లో బ్రేక్ మీద కాలు పెట్టే పనే ఉండదు" అని ఒక షోరూములో నా ఎదుటే ఒక కుటుంబానికి చెప్పారు. ఆ పెద్దాయన తలూపి, వేరియంట్ మార్చుకున్నారు. నా అభ్యంతరం ఆ అమ్మకం గురించీ, ఆ మాట గురించీ కూడా.

ఈ సదుపాయం 1997లో ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌తో వచ్చింది. ఆ బండికి లో-రేంజ్ ట్రాన్స్‌ఫర్ బాక్స్, అంటే చక్రాలను చాలా నెమ్మదిగా, బలంగా తిప్పే అదనపు గేర్ల పెట్టె, లేదు. అంటే రాళ్ళు, బురద ఉన్న ఏటవాలులో ఇంజిన్ బిగింపుతోనే (ఇంజిన్ బ్రేకింగ్) నత్తనడకన దిగే వీలు లేదు. ఆ లోటు పూడ్చడానికి, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ చేతనే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేయించి వేగాన్ని అదుపులో ఉంచే ఉపాయం కనిపెట్టారు. నేటి కార్లలో ఈ పని చేసే పంపు, వాల్వులు, చక్రాల వేగం కొలిచే సెన్సర్లు అన్నీ ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) యూనిట్‌లో ముందే ఉంటాయి. దానికి అదనంగా కావలసింది కొంత సాఫ్ట్‌వేర్, ఒక బటన్, మీటర్‌లో ఒక దీపం. ఈ వ్యవస్థల మార్కెట్ ఇన్ని వందల కోట్ల డాలర్లకు చేరుతుందని జోస్యం చెప్పే నివేదికలను చూస్తే నాకు నవ్వు వస్తుంది. బాష్ వంటి సంస్థలు అమ్మే బ్రేక్ యూనిట్‌లో భాగమైన ఒక పనిని విడదీసి, దానికి వేరే సంత ఉన్నట్టు లెక్క కట్టడం ఎలా సాధ్యం? కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే ఈఎస్‌సీ ఎలాగూ ఉండాలి. అది ఉన్న కారులో ఈ బటన్‌ను పై వేరియంట్‌కే దాచిపెట్టడం వ్యాపారమే తప్ప ఇంజనీరింగ్ అవసరం కాదు. లో-రేంజ్ గేరున్న మారుతి జిమ్నీలో ఇది అన్ని వేరియంట్లకూ వచ్చింది కదా.

ఇక ఘాట్ రోడ్డు సంగతి. పదిహేను వందల కిలోల బండి తిరుమల నుంచి తిరుపతికి దిగేటప్పుడు సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు కోల్పోతుంది. ఆ శక్తి దాదాపు మూడు యూనిట్ల కరెంటుతో సమానం, అంటే కిలోవాట్ ఇస్త్రీపెట్టె మూడు గంటలపాటు వెలువరించే వేడి. గాలీ, టైర్ల రాపిడీ అందులో కొంత మింగినా, మిగిలినదాన్ని ఇంజిన్ అయినా భరించాలి, బ్రేకులైనా భరించాలి. హిల్ డిసెంట్ కంట్రోల్ వాడేది ఆ బ్రేకులనే. కాలు మనది కాకపోయినంత మాత్రాన ప్యాడ్లు చల్లగా ఉండవు. బ్రేకులు మరీ వేడెక్కితే ఇది తనంతట తానే విరమించుకోవచ్చని చాలా కార్ల మాన్యువళ్ళలోనే రాసి ఉంటుంది. పైగా ఇది సాధారణంగా గంటకు ముప్పై, నలభై కిలోమీటర్ల లోపు వేగాలకు, జారే మట్టిదారులకు ఉద్దేశించినది. తారు రోడ్డు మీద, వెనుక బస్సు హారన్ కొడుతుండగా, పంపు గరగరమంటూ చేసే చప్పుడు వింటూ దిగవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఇంజినే బండిని పట్టి ఉంచేలా, ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట పాడేరు ఘాట్‌లోనైనా, శ్రీశైలం ఘాట్‌లోనైనా ఇప్పటికీ చెల్లుతుంది. దురదృష్టవశాత్తు, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవారు నేటికీ ఉన్నారు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్ చాలామటుకు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లోనే అది ఐడ్లింగ్ కోసం తాగుతూ ఉంటుంది. బ్రేక్ ఆయిల్ పాతబడి తేమ పట్టి ఉంటే, బ్రేకుల వేడికి మరిగి బుడగలు కట్టి, పెడల్ మెత్తగా అడుక్కి వెళ్ళిపోతుంది. అప్పుడు ఏ బటనూ ఆదుకోదు, ఎందుకంటే అది కూడా ఆ ఆయిల్ ఒత్తిడినే నమ్ముకుని ఉంది.

ఎలక్ట్రిక్ కార్లలో మోటారే వేగాన్ని పట్టి ఉంచి బ్యాటరీకి కొంత తిరిగి ఇస్తుంది కాబట్టి, ఈ మార్కెట్ ముచ్చట ముందు ముందు మరింత పలచబడుతుందని నా అంచనా. అయితే కొండపైనే బ్యాటరీని పూర్తిగా నింపి దిగితే ఆ శక్తిని దాచుకునే చోటుండదు, రీజెన్ (మోటారు వేగాన్ని పట్టి, ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపే పని) తగ్గిపోతుంది. ఈ సంగతి డెలివరీ రోజున చెప్పే సేల్స్‌మన్ నాకింకా తారసపడలేదు. షోరూముకు వెళ్ళేవారు బేస్ వేరియంట్‌లో ఈఎస్‌సీ ఉందా అని ముందుగా అడగండి. లేదని చెబితే, సన్‌రూఫ్ ఎంత పెద్దదైనా సరే, పక్క షోరూముకు నడవండి.