శాశ్వతమైనది ఆపరేషన్ ఒక్కటేనా?

చెన్నైకి ఉత్తరాన ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి మా పక్కింటి అమ్మాయికి తోడుగా వెళ్లాను. వరుసలో మా ముందు శరణార్థి శిబిరం నుంచి వచ్చిన నిండు గర్భిణి ఉంది. రెండో కాన్పు. "కాన్పు కాగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసేస్తారు, సరేనా?" అని నర్సు అడిగింది. ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారు తల ఊపింది. అంతే, కాగితం మీద సంతకం అయిపోయింది. తర్వాత మా తెలుగు అమ్మాయికీ అదే ప్రశ్న.

శ్రీలంకలో యుద్ధం వల్ల 1983 నుంచి ఇక్కడికి పారిపోయి వచ్చిన ఈలం (శ్రీలంక) తమిళుల గాథ మనకు తెలిసిందే. పుళల్, గుమ్మిడిపూండి శిబిరాలు మన పక్కనే ఉన్నాయి. 2021లో వాటికి 'పునరావాస శిబిరాలు' అని పేరు మార్చారు, అంతే. పౌరసత్వం ఎప్పుడొస్తుందో తెలియదు. శ్రీలంకకు తిరిగి వెళ్లాలో, ఇక్కడే ఉండిపోవాలో తేలదు. రేపు ఏ దేశంలో ఉంటుందో తెలియని స్త్రీకి మనం మొదట చూపిస్తున్నది, వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యమైన పద్ధతి!

ఆపరేషన్ సురక్షితం, ఉచితం, ఆడవాళ్లే అడుగుతున్నారు అంటారు అధికారులు. నిజమే, చాలామంది కోరి చేయించుకుంటారు. కానీ వేరే దారులున్నాయని ఎవరూ చెప్పనప్పుడు దాన్ని ఎంపిక అని ఎలా అంటాం?

దారులు లేకపోలేదు. 2017 నుంచి ప్రభుత్వమే గర్భం రాకుండా 'అంతర' ఇంజెక్షన్, 'ఛాయ' మాత్ర ఉచితంగా ఇస్తోంది. ఇంజెక్షన్ మూడు నెలలకు ఒకటి. ఛాయలో హార్మోన్లు లేవు; మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి. అయితే ఇంజెక్షన్‌తో నెలసరి గాడి తప్పవచ్చు, మధ్యమధ్య రక్తం కనిపించవచ్చు. ఉమ్మడి మరుగుదొడ్డి, ఒకే గదిలో ఇంటిల్లిపాదీ ఉండే శిబిరంలో ఇది చిన్న విషయం కాదు. ముందే కూర్చోబెట్టి చెప్పకపోతే ఆమె భయపడి రెండో సూదికి రాదు. అక్కడ కావలసింది మందు కాదు, పావుగంట మాట.

శిబిరాన్ని వేలెత్తి చూపేముందు మన ఇళ్లు చూసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద వేసెక్టమీ, అంటే మగవాళ్లకు చేసే ఆపరేషన్, 0.3 శాతం. పొట్ట కోయకుండా నిమిషాల్లో అయిపోయే పని అది! అయినా కత్తి ఎప్పుడూ ఆమె పొట్ట మీదికే వెళ్తుంది. శరణార్థి అయినా, పౌరురాలైనా ఈ విషయంలో తేడా లేదు.

ఆ రోజు మా పక్కింటి అమ్మాయి భర్త బయట వేపచెట్టు కింద బండి మీద కూర్చుని ఉన్నాడు. మూడు గంటల్లో అతన్ని ఒక్కరూ లోపలికి పిలవలేదు.