కోఠిలో కొన్న కోటి ఆటల గారికి

మహారాజశ్రీ పసుపుపచ్చ వీడియో గేము క్యాసెట్టు గారికి, నమస్కారాలు.

ఇల్లు మారుతూ అటక సర్దుతుంటే ఇత్తడి మరచెంబులో తమరు దొరికారు. నుదుటి మీద 9999999 అన్న అంకె ఇంకా చెరగలేదు. కోటికి ఒక్కటి తక్కువ. ఆ ఒక్కటి తగ్గించి చెప్పిన నిజాయితీకి జోహార్లు.

కోఠి గుజరాతీ గల్లీలో మిమ్మల్ని కొన్నరోజు నాన్న లెక్కవేశారు. రోజుకొకటి ఆడినా ఇరవై ఏడు వేల ఏళ్లు. "ఇక ఈ జన్మలో ఇంకో క్యాసెట్టు అడక్కండి" అన్నారు. సాయంత్రానికే తేలింది, మీ కడుపులో ఉన్నవి పట్టుమని పది. ఒకే ఆట మూడో దశ నుంచి మొదలైతే ఒక పేరు, ప్రాణాలు పెరిగితే ఇంకో పేరు.

అంకెల మోసాన్ని ఎప్పుడో క్షమించాను. ఆ ఆటలు చేసినవాళ్ల పేర్లు చెరిపేశారే, అది క్షమించలేను. ఊరంతా ఇప్పటికీ మారియో, కాంట్రా అంటుంది. మేము ప్రాణం పెట్టిన ఆటకు "పెంగ్విన్ల ఆట" తప్ప వేరే పేరుందని ముప్పై దాటాక తెలిసింది: బైనరీ ల్యాండ్. హడ్సన్ సంస్థ 1985లో నింటెండో వారి ఆటల పెట్టె ఫామికామ్‌కు తెచ్చింది. రెండు పెంగ్విన్లు, మధ్యలో గోడ. కుడి మీట నొక్కితే ఒకటి కుడికి, రెండోది ఎడమకు. అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకున్నట్టు. రెండూ పైనున్న గుండె బొమ్మ దగ్గరకు ఒకేసారి చేరాలి. ఒకటి సాలెగూటిలో చిక్కితే రెండోది వచ్చి విడిపించాలి. ఒకదాన్ని కాపాడుతుంటే రెండోది ఎటు పోతోందో చూసుకోక ఓడిపోయేవాళ్లం. ఇంత తెలివైన ఆట తమరి పట్టికలో ఏ మూల నక్కి ఉండేదో!

"ట్యాంకుల ఆట" అసలు పేరు బ్యాటిల్ సిటీ, నామ్కో చేసింది, 1985లోనే. మొత్తం 24 కిలోబైట్లు. ఇప్పుడు తెల్లవారగానే ఫోనుకు వచ్చే శుభోదయం బొమ్మే అంతకంటే బరువు. అందులోనే 35 దశలు, దశకు 20 శత్రు ట్యాంకులు, పైగా మన యుద్ధభూమిని మనమే కట్టుకునే వీలు. మనం కాపాడుకోవాల్సిన గద్ద బొమ్మ మన గుండు తగిలినా కూలిపోతుంది. తోటి ట్యాంకుకు తగిలితే అది కాసేపు కదలదు. తమ్ముడు శత్రువులను వదిలేసి పొద్దంతా నన్నే కొట్టేవాడు. ఆస్తి పంపకాల నాడు కూడా మేము అంతగా పోట్లాడుకోలేదు.

ఇక కార్ల ఆట, రోడ్ ఫైటర్. గుద్దుకోకుండా చాలా దూరం పోతే ఎగురుతూ ఒక మనిషి కనిపించేవాడు. బామ్మ "ఆంజనేయస్వామి రా" అని చెంపలు వేసుకునేది. అతను కొనామీ కంపెనీ వారి కొనామీ మ్యాన్ అని చెప్పడానికి ఇప్పుడు బామ్మ లేదు.

తమరు మొరాయించినప్పుడల్లా నోటితో ఊదేవాళ్లం. పని చేసింది ఊపిరి కాదట, తీసి మళ్లీ గుచ్చడమేనట. నోటి తడికి లోపలి రేకులు చెడిపోతాయట. నిన్న చూశాను, నల్లబడ్డాయి. అయినా చెయ్యి ఊరుకోలేదు, ఒకసారి ఊదాను.

ఇట్లు,
మిగిలిన ఆటల కోసం ఎదురుచూస్తున్న
మీ పాత ఖాతాదారు