‘కన్నతల్లిని అమ్ముకున్న కూతురు’ మెసేజ్ పంపేవాళ్ళకి

మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది మా మేనత్త. అంతకుముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో, వాచ్‌మెన్ జీతం గొడవకీ నీళ్ళ ట్యాంకర్ గొడవకీ మధ్యన దూరింది. దానికంటే ముందు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడిచే బ్యాచ్‌లో కనిపించింది. పైన ఎర్ర అక్షరాల్లో ‘కన్నతల్లిని అమ్ముకున్న కూతురు’, కింద దండం పెట్టే చేతులు, మధ్యలో ఎనిమిది పాయింట్లు. ఇదంతా హాలీవుడ్ తార జోన్ క్రాఫోర్డ్ గురించి, ఆమె పెద్ద కూతురు క్రిస్టినా 1978లో రాసిన ‘మమ్మీ డియరెస్ట్’ గురించి.

విశాఖపట్నం మద్దిలపాలెంలో కూర్చుని ఆ గొడవ మనకెందుకంటారా? మా పుస్తకాల గ్రూపులో ఈ నెల ఆ పుస్తకమే పెట్టారు. చదివి రెండు జట్లయిపోయాం. వాదనలో ఊపిరాడని జట్టువాళ్ళెవరో ఈ మెసేజ్ పట్టుకొచ్చారు. అక్కణ్ణుంచి ఊరంతా పాకింది. పుస్తకం పేరు కూడా వినని మా మేనత్త దాకా వచ్చిందంటే మీరే ఊహించుకోండి.

పుస్తకంలో క్రిస్టినా చెప్పినవి క్లుప్తంగా ఇవీ. అర్ధరాత్రి లేపి బాత్‌రూమ్ నేల తోమించడం. గౌను తీగ హ్యాంగర్‌కి తగిలించిందని ఆ హ్యాంగర్‌తోనే కొట్టడం. తమ్ముణ్ణి మంచానికి పట్టీలతో కట్టి పడుకోబెట్టడం. సరిగ్గా ఉడకని మాంసం తినలేదని అదే పళ్ళెం పూట తర్వాత పూట ముందు పెట్టడం. పదమూడేళ్ళ వయసులో గొంతు పట్టుకుని నులమడం. క్రిస్మస్‌కి కెమెరాల ముందు బహుమతుల గుట్ట విప్పించి, కెమెరాలు వెళ్ళిపోయాక ఒక్కటి ఉంచుకోనిచ్చి మిగతావి పంచేయడం. ఇవి జరుగుతుండగా నేను చూడలేదు. మెసేజ్ రాసినాయనా చూడలేదు. కాకపోతే ఆయనకి ఆ సంగతి గుర్తున్నట్టు లేదు.

ఇక మెసేజ్‌లోని పాయింట్లు. మొదటిది: ‘తల్లి పోయాక రాసింది. బతికుండగా రాసే దమ్ము లేదా?’ జోన్ 1977 మేలో పోయింది, మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది. నిజమే. మరి జోన్‌కి జీవితమంతా పోటీగా నిలిచిన బెటీ డేవిస్ కూతురు 1985లో తల్లి బతికుండగానే రాసింది కదా, అప్పుడేమన్నారు? జబ్బు పడి లేచిన తల్లిని ఇలా పొడుస్తావా అన్నారు. ఇజ్రాయెల్ రచయిత ఆమోస్ ఓజ్ 2018లో పోయాడు. కూతురు గలియా 2021లో ‘నాన్న నన్ను కొట్టేవాడు’ అని రాస్తే మళ్ళీ మొదటి పాటే: ఆయన జవాబు చెప్పుకోలేడు కాబట్టి రాసింది. బతికుండగా రాస్తే కృతఘ్నత, పోయాక రాస్తే పిరికితనం. మధ్యలో మంచి ముహూర్తం ఏదైనా ఉంటే పంతులుగారిని అడిగి చెప్పండి.

రెండోది: ‘అప్పుడే పోలీసులకి ఎందుకు చెప్పలేదు?’ ఏడేళ్ళ పిల్ల, 1940లలో. అమెరికాలో డాక్టర్ హెన్రీ కెంప్ బృందం 1962లో వ్యాసం రాసేదాకా, ఎముకలు విరిగి ఆసుపత్రికొచ్చిన పిల్లల్ని చూసి తల్లిదండ్రుల్ని అనుమానించాలని చాలామంది డాక్టర్లకే తట్టలేదు. అనుమానం వస్తే అధికారులకి చెప్పి తీరాలన్న చట్టాలు ఆ తర్వాతే ఒక్కో రాష్ట్రంలో వచ్చాయి. అప్పటికి క్రిస్టినాకి ఇరవై దాటాయి. డాక్టర్లకి తట్టని సంగతి రెండో తరగతి పిల్లకి తట్టాలట.

మూడోది: ‘ఆస్తి రాలేదన్న కసితో రాసింది.’ 1976 అక్టోబరులో రాసిన వీలునామాలో జోన్ క్రిస్టినాకీ, కొడుకు క్రిస్టఫర్‌కీ ఏమీ ఇవ్వలేదు. కారణాలు వాళ్ళకే బాగా తెలుసు అని మాత్రం రాసింది. చిన్న కూతుళ్ళు, కవలలు, క్యాథీకీ సిండీకీ తలా 77,500 డాలర్లు రాసింది. పెద్దవాళ్ళిద్దరూ కోర్టుకెళ్ళారు, చివరికి 55,000 డాలర్లకి రాజీ అయింది. కసి ఉండే ఉంటుంది. నాకైతే ఉండేది. కానీ ఆస్తి దక్కనివాళ్ళ మాట కసి అయితే, దక్కినవాళ్ళ మాట ఏమవుతుంది? రావిశాస్త్రిగారు ప్లీడరీ చేసిన ఊరండీ ఇది. సాక్షికి కోపం ఉందా అన్నది ఒక ప్రశ్న, సాక్షి చెప్పింది జరిగిందా అన్నది వేరే ప్రశ్న. ఆయన కోర్టు కథలు చదివి పెరిగినవాళ్ళకి ఇది కూడా విడమరిచి చెప్పాలా?

నాలుగోది: ‘దత్తత పిల్ల కదా, రక్తసంబంధం ఉంటే ఇలా రాసేదా.’ పైన హెడ్డింగులో కన్నతల్లి అన్నారు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని రండి.

అయిదోది: ‘ఆస్కార్ గ్రహీత, ఎందరో ఆమె మంచితనానికి సాక్ష్యం చెప్పారు.’ చెప్పారు. నటి మిర్నా లాయ్ గట్టిగా వెనకేసుకొచ్చింది. మొదటి భర్త డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ జూనియర్ కూడా, నాకు తెలిసిన జోన్ ఇలాంటిది కాదన్నాడు. ఆయనకి విడాకులైంది 1933లో. క్రిస్టినా పుట్టింది 1939లో. ఆ ఇంటి పిల్లల సంగతి ఆయనకి ఎంత తెలిసుంటుందో లెక్క వేసుకోండి. మరోవైపు ఆ ఇంటికి వెళ్ళొచ్చిన నటి హెలెన్ హేస్ మాత్రం, జోన్ పిల్లల్ని పెంచిన తీరుకి క్రూరత్వం అన్న మాటే తగినదని చెప్పింది. ఆ పేరు మెసేజ్‌లో లేదేం?

ఆరోది మిగతావాటికంటే కొంచెం బరువైనది. ‘సొంత చెల్లెళ్ళే అబద్ధం అన్నారు.’ అన్నారు, చివరిదాకా అదే మాట మీద ఉన్నారు. ఇక్కడ కాస్త ఆగి సంవత్సరాలు చూడాలి. కవలలు పుట్టింది 1947లో. పెద్దదానికీ వాళ్ళకీ దాదాపు ఎనిమిదేళ్ళ తేడా. క్రిస్టినా చెప్పే సంగతుల్లో చాలావాటి నాటికి వాళ్ళు పుట్టలేదు, లేదా ఉయ్యాల్లో ఉన్నారు. వాళ్ళకి ఊహ తెలిసేసరికి అక్క బోర్డింగ్ స్కూల్లో ఉంది. అదే ఇంట్లో, అదే రోజుల్లో పెరిగిన తమ్ముడు క్రిస్టఫర్ మాత్రం అక్క పక్షానే నిలబడ్డాడు. ఆమోస్ ఓజ్ ఇంట్లోనూ ఇదే జరిగింది: మాకు తెలిసిన నాన్న వేరు అని తల్లీ, తోబుట్టువులూ అన్నారు. వాళ్ళకి తెలిసిన నాన్న వేరే అయ్యుండొచ్చు. ఒకే ఇంట్లో పెద్దపిల్లకి దొరికే అమ్మా, కడగొట్టు పిల్లకి దొరికే అమ్మా ఒకరేనా? మీ ఇంట్లో మీ అక్కని అడిగి చూడండి.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. కవలల బాధ నాటకం కాదు. వాళ్ళని ప్రేమగా చూసుకున్న అమ్మ ప్రపంచమంతటికీ నవ్వులాటైపోయింది. 1981లో వచ్చిన సినిమా వల్లయితే ఆ హ్యాంగర్ సీను ఇప్పటికీ కామెడీ స్కిట్లకి పనికొస్తోంది. పైగా ఏళ్ళ తర్వాత క్రిస్టినా వాళ్ళసలు కవలలే కాదన్నట్టు మాట్లాడిందని క్యాథీ దావా వేయాల్సొచ్చింది. అక్కడ నేను క్యాథీ పక్షమే. దెబ్బలు తిన్నవాళ్ళు చెప్పే ప్రతి వాక్యమూ వేదం కానక్కర్లేదు. అలాగని ఒక వాక్యం తప్పయిందని ఒంటి మీది వాతలు మాసిపోవు.

ఏడోది: ‘మాతృదేవోభవ, పితృదేవోభవ. అమ్మానాన్నల మీద చెప్పుకోవడం మన సంస్కృతి కాదు.’ ఇది విశాఖపట్నంలో కూర్చుని టైపు చేశారు చూడండి, అదీ నా ఆశ్చర్యం. కొడుకుని సముద్రంలో పడేయించి మీద కొండ పెట్టించమన్న తండ్రి కథ ఏ కొండదండీ? చందనోత్సవం నాడు నిజరూప దర్శనానికి ముందురోజు రాత్రి నుంచి క్యూలో నిలబడేది ఎవరిని కాపాడడానికి వచ్చిన దేవుడి కోసం? హిరణ్యకశిపుడికంటే పేరున్న తండ్రి మూడు లోకాల్లోనూ లేడు. ఈ మెసేజ్ తర్కం ప్రకారం ప్రహ్లాదుడి మాట కూడా నమ్మక్కర్లేదు. తోబుట్టువులు ముగ్గురున్నారు, వాళ్ళనెవరూ ఏనుగులతో తొక్కించినట్టు లేదు. ఇక తండ్రి పోయాక రాజ్యం దక్కింది ఎవరికి? ఆస్తి కోసం కథలల్లాడని ఒక ఫార్వర్డ్ తయారుచేసేయండి, సింహాచలం మెట్ల దారిలో పంచుదాం.

ఎనిమిదోది. నా కోపమంతా దీని మీదే. ఉన్నదున్నట్టు దించుతున్నాను: ‘మా అమ్మ చీపురుతో కొట్టింది, మా నాన్న బెల్టుతో కొట్టాడు. అయినా మేం ఇంజనీర్లం కాలేదా? ఆఫీసర్లం కాలేదా? దెబ్బలే మమ్మల్ని మనుషుల్ని చేశాయి. నాలుగు తగిలించినందుకు పుస్తకాలు రాసే పిల్లల్ని మనం తయారుచేయొద్దు.’ కింద నూట ఎన్నో లైకులు. నాతో చదువుకున్నవాళ్ళవీ ఉన్నాయి.

అయ్యా, మీరు ఇంజనీరయ్యింది బెల్టు వల్లని ఎలా తేలింది? అదే బెల్టు తిని ఏమీ కానివాళ్ళు, ఇంట్లోంచి పారిపోయినవాళ్ళు, తాగి పడిపోయినవాళ్ళు మీ ఆఫీసర్ల గ్రూపులో ఉండరు కాబట్టి లైకు కొట్టలేదు. గొంతు నులమడాన్ని ‘నాలుగు తగిలించడం’ అనేస్తే ఇక మాటలకి అర్థమేముంది? 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో అధ్యయనం చేయించింది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు కొట్టించుకుంటున్నట్టు తేలింది. కుటుంబంలో దెబ్బలు తిన్నవాళ్ళలో 88.6 శాతం మందిని కొట్టింది అమ్మానాన్నలే. ఈ లెక్కన దేశం నిండా ఆఫీసర్లే ఉండాలి. బడిలో టీచరు చెయ్యి చేసుకోకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. పక్కింటి పిల్లాణ్ణి టీచరు కొడితే బడి మీదకి వెళ్ళేవాళ్ళే ఈ మెసేజ్‌కి దండాలు పెడుతున్నారు.

నేను లెక్కలు చెప్పే పిల్లల్లో ఒకడు మే నెలలో, మన ఊరి ఉక్కలో, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకొచ్చేవాడు. మణికట్టు దగ్గర గుండీలు కూడా పెట్టుకునేవాడు. చెమటకి నోటుబుక్కు కాగితం చేతికి అంటుకుపోతుంటే విసుగొచ్చి ఒకరోజు చొక్కా పైకి లాగాడు. మోచేతి కింద ఊదారంగులో బెల్టు బకిల్ అచ్చు. నలుపలకల చట్రం, మధ్యలో పుల్ల, అన్నీ తెలుస్తున్నాయి. నేను చూశానని చూసి ‘మెట్ల మీద పడ్డాను సార్’ అన్నాడు. వాళ్ళ నాన్నగారు కాలనీలో పెద్దమనిషి. వినాయక చవితి పందిట్లో మైకు ఆయనదే, ఎవరింట్లో కష్టమొచ్చినా ముందుండేది ఆయనే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. ఆ తర్వాతి సంగతి ఇక్కడ రాయను, పిల్లాడెవరో తెలిసిపోకూడదు. కానీ వాడు పెద్దయ్యాక ఎప్పుడైనా నోరు విప్పితే కాలనీ ఏమంటుందో మాత్రం ఇప్పుడే చెప్పగలను. ‘ఆయనా? ఛ! మా అమ్మాయి పెళ్ళికి ఎంత సాయం చేశారనీ!’

మీ ఫ్యామిలీ గ్రూపులో ఏడో తరగతి పిల్లలు కూడా ఉంటారు. అత్తలూ మావయ్యలూ కలిసి ఎనిమిదో పాయింటుకి లైకులు కొడుతుంటే వాళ్ళు చూస్తారు. రేపు ఏదైనా జరిగితే ఎవరికి చెప్పకూడదో ఆ లిస్టు వాళ్ళకి తయారైపోయింది.

జోన్‌ని రాక్షసి అనకండి అని మెసేజ్ చివర్లో ఒక వాక్యం ఉంది. దానికి నేనూ సరే అంటాను. ఆమె అసలు పేరు లుసీల్. తండ్రి వదిలేసి పోయాడు. క్యాన్సస్ సిటీలో బోర్డింగ్ స్కూల్లో ఫీజుకి బదులు వంటా, గిన్నెలూ, ఊడ్పులూ చేసి చదువుకుంది. అక్కడ తనని కొట్టేవారని తనే చెప్పుకుంది. అక్కణ్ణుంచి డాన్సులు చేసుకుంటూ పైకొచ్చి 1946లో ఆస్కార్ అందుకుంది, అదీ ఒంట్లో బాగోలేదని ఇంట్లో మంచం మీదే. చిన్నప్పుడు దెబ్బలు తిని పైకొచ్చిన మనిషికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ మీకు దొరకదు. ఎనిమిదో పాయింటు కింద చేర్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రాత్రికి క్రిస్టినాకి ఆరేళ్ళని కూడా పక్కనే రాయండి.